కూన కక్కుతోంది, మేత ముట్టడం లేదు: పిల్లుల పార్వో (పాన్‌ల్యూకోపీనియా) చర్చ

పుత్తూరు_పిల్లిగూడు
కూన వయసు 10 వారాలు, బరువు 800 గ్రాములు. 8 వారాలకు ఒక టీకా పడింది. నిన్న రాత్రి నుంచి తినలా. తెల్లారినప్పటి నుంచి మూడుసార్లు పసుపుపచ్చ నురుగు కక్కింది. విరేచనం లేదు. నీళ్ల గిన్నె ముందర తల వేలాడేసుకుని కూర్చుంటుంది గానీ తాగడం లేదు. థర్మామీటరులో 104.6 చూపిస్తా ఉంది. ఇంట్లో ఇంకో పెద్ద పిల్లి ఉంది. రేపు పొద్దున దాకా ఆగొచ్చా?

కోనేటి_వెట్
ఆగొద్దు. ఈ సాయంత్రానికే చూపించండి. విరేచనం లేదు కాబట్టి పార్వో కాదులే అనుకోవడమే అందరూ చేసే మొదటి పొరపాటు. ఈ జబ్బులో ముందు జ్వరం, తర్వాత వాంతి వస్తాయి. విరేచనం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావచ్చు, కొన్ని కూనలకు అసలు రాకుండానే ప్రాణం పోతుంది. నీళ్ల గిన్నె మీద తల వేలాడేసి కూర్చోవడం దీంట్లో తరచుగా కనిపించేదే. దాహం ఉంటుంది, మింగితే వికారం.

పిల్లికి మామూలు ఒంటి వేడి 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే గట్టి జ్వరం. ఇప్పుడున్న జ్వరం కంటే రేపు 99 కంటే కిందికి దిగితే ఎక్కువ భయపడాలి. అప్పుడు కొందరు జ్వరం తగ్గిందని సంతోషిస్తారు, నిజానికి కూన చల్లబడిపోతోందని అర్థం.

బయల్దేరే ముందు చేయాల్సినవి: అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టండి. కూన కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది. నోట్లో ఏమీ పోయొద్దు. పాలు వద్దు, ఓఆర్ఎస్ వద్దు, గంజీ వద్దు. కక్కే కూనకు పట్టి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మరీ సొమ్మసిల్లినట్టుంటే వేలికి చుక్క తేనె అద్దుకుని చిగురు మీద రాయండి, అంతే. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ క్లినిక్‌కి గానీ మీకు దగ్గరలోని పశువైద్యుడి దగ్గరకు గానీ తీసుకెళ్లండి. లోపలికి పోకముందే "పార్వో అనుమానం" అని చెప్పండి. బెంచీ మీద వేరే కూనల పక్కన కూర్చోకండి, పెట్టె నేల మీద పెట్టకండి.

ల్యాబ్_బెంచ్
వెళ్లగానే సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) అడగండి. ఈ జబ్బు పేరే దాని ఆనవాలు: పాన్ అంటే అన్నీ, ల్యూకో అంటే తెల్లకణం, పీనియా అంటే కొరత. పిల్లి రక్తంలో తెల్లకణాలు మైక్రోలీటరుకు దాదాపు 5,500 నుంచి 19,500 ఉండాలి. పార్వోలో 2,000 కిందికి, ఒక్కోసారి వందల్లోకి పడిపోతాయి. 1,000 కంటే తక్కువతో వచ్చిన కూనలు బతకడం బాగా కష్టం.

సాంపిల్ విషయంలో మూడు జాగ్రత్తలు. రక్తం గడ్డకట్టకుండా మందు ఉండే ఊదా మూత ట్యూబులో అర మిల్లీలీటరు చాలు. 800 గ్రాముల కూన ఒంట్లో ఉండే రక్తమే 50 మి.లీ. లోపు, కాబట్టి ఒకటికి రెండుసార్లు తీసే పని పెట్టుకోవద్దు. చిన్న పిల్లల ట్యూబు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే పెద్ద ట్యూబులో కొంచెం రక్తం పోస్తే మందు ఎక్కువై కణాలు ముడుచుకుంటాయి. రెండోది, మనుషుల ల్యాబుకు పంపాల్సి వస్తే మిషను అంకెను ఒక్కదాన్నే నమ్మకండి. ఆ మిషను పిల్లి కణాల కోసం సెట్ చేసింది కాదు. పిల్లి ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, వాటిని మిషను తెల్లకణాలుగా లెక్కేసి 1,500 ఉన్నచోట 6,000 చూపించగలదు. గాజుపలక మీద స్మియర్ వేసి కంటితో చూడమని అడగండి. మూడోది, 24 నుంచి 48 గంటల తర్వాత మళ్లీ చేయించాలి. ఒక్క రిపోర్టు కంటే కణాలు ఎటు పోతున్నాయన్నది ముఖ్యం.

పుత్తూరు_పిల్లిగూడు
వెళ్లొచ్చాం. తెల్లకణాలు 1,800, స్మియర్‌లో కూడా తక్కువే అన్నారు. మలంలో వైరస్ ఉందా అని చూసే కిట్ టెస్ట్ మాత్రం నెగెటివ్ వచ్చింది. కూనను సెలైన్ మీద పెట్టారు. కిట్ నెగెటివ్ అయితే పార్వో కాదేమో అని ఇంట్లో ఆశ. ఏమంటారు?

ల్యాబ్_బెంచ్
ఈ లక్షణాలు, ఈ కణాల సంఖ్య ముందు కిట్ నెగెటివ్‌కు విలువ తక్కువ. పిల్లులకు వాడేది కుక్కల పార్వో కిట్టే. రెండు వైరసులు దగ్గరి చుట్టాలు కాబట్టి అది పిల్లి వైరస్‌నూ పట్టుకుంటుంది. పాజిటివ్ వస్తే చాలావరకు నమ్మొచ్చు. నెగెటివ్ వస్తే జబ్బు లేదని కాదు. మలంలో వైరస్ ఎప్పుడూ ఒకే స్థాయిలో పడదు, మీ కూనకు విరేచనమే మొదలుకాలేదు కాబట్టి స్వాబ్‌కు అంటింది కూడా తక్కువే అయ్యుంటుంది. 24 గంటల తర్వాత మళ్లీ చేయొచ్చు, పీసీఆర్ దొరికితే ఇంకా మేలు.

తిరకాసు ఇంకోవైపు కూడా ఉంది. బతికున్న (బలం తగ్గించిన) వైరస్ టీకా వేసిన రెండు వారాల లోపల కిట్‌లో లేతగీత రావచ్చు, అది టీకా వైరసే. మీ కూనకు టీకా పడి రెండు వారాలు కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పి ఉంచండి. కిట్‌ను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాడకూడదు, గది వేడికి రానివ్వాలి. పెట్టెమీద రాసిన నిమిషాల తర్వాత తేలే గీతను లెక్కలోకి తీసుకోకూడదు.

నగరి_మేడమీద
తెల్లకణాలకీ వాంతులకీ సంబంధం ఏంది సార్? వైరస్ రక్తంలో ఉంటుందా, పేగుల్లోనా?

కోనేటి_వెట్
రెండు చోట్లా. పార్వో వైరస్ చాలా చిన్నది, 20 నానోమీటర్ల చుట్టుపక్కల. సొంతంగా డీఎన్ఏ నకలు తీసుకునే సరంజామా దానికి లేదు. అందుకని అప్పుడే విభజన చెందుతున్న కణంలోకి మాత్రమే దూరి, దాని సరంజామా వాడుకుంటుంది. ఒంట్లో కణాలు నిత్యం పుట్టే చోట్లు ఏవి? ఎముక మజ్జ, లింఫ్ గ్రంథులు, పేగు లోపలి పొర. జబ్బు మొత్తం ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

పేగు లోపలి గోడ మీద వేళ్లలాంటి మొలకలుంటాయి. వాటి అడుగున ఉండే గుంతల్లో కొత్త కణాలు పుట్టి పైకి జరుగుతుంటాయి. వైరస్ ఆ గుంతలనే ఖాళీ చేస్తుంది. పైపొర అరిగిపోతుంది, కొత్తది రాదు. తిన్నది ఒంటికి పట్టదు, నీరు కారిపోతుంది, రక్తం కూడా రావచ్చు. అసలు ప్రమాదం ఇంకా లోపల ఉంటుంది. పేగులో మామూలుగా ఉండే బ్యాక్టీరియా ఆ చిరిగిన గోడలోంచి రక్తంలోకి దూరుతుంది. దాన్ని అడ్డుకోవాల్సిన తెల్లకణాలను అదే సమయానికి మజ్జలో వైరస్ చంపేసి ఉంటుంది. కాపలా లేని ఇల్లు. కూనలు ఎక్కువగా పోయేది ఈ సెప్సిస్ వల్ల, నీరు కారిపోవడం వల్ల, చక్కెర పడిపోవడం వల్ల. అందుకే వైరస్ జబ్బుకు యాంటీబయాటిక్ ఎందుకు అని అడగకండి. అది వైరస్ కోసం కాదు, దూరిన బ్యాక్టీరియా కోసం. సూదిమందుగానే ఇవ్వాలి, మాత్ర మింగినా ఆ పేగులోంచి ఎక్కదు.

వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు కనబడటానికి మామూలుగా 2 నుంచి 10 రోజులు పడుతుంది. వైరస్‌ను నేరుగా చంపే మందు మన చేతిలో లేదు. తెల్లకణాలు మళ్లీ పుట్టేదాకా కూనను నిలబెట్టి ఉంచడమే వైద్యం. అయిదు రోజులు దాటిన కూన చాలావరకు గట్టెక్కుతుంది.

నర్సింగ్_టేబుల్
సెలైన్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

లెక్క ఇది. 800 గ్రాముల కూన ఒంట్లో నీరు 8 శాతం తగ్గిందనుకుందాం. 800లో 8 శాతం 64, అంటే లోటు 64 మి.లీ. రోజువారీ అవసరం కూనలకు కిలోకు 80 నుంచి 100 మి.లీ., అంటే 64 నుంచి 80. రెండూ కలిపితే 24 గంటలకు సుమారు 130 నుంచి 145 మి.లీ. ఆ రోజు కక్కినది, విరేచనంలో పోయినది ఉజ్జాయింపుగా దీనికి కలుపుతారు. గంటకు 6 మి.లీ. అనుకోండి.

మామూలు డ్రిప్ సెట్‌లో మిల్లీలీటరుకు 20 చుక్కలు. ఈ లెక్కన నిమిషానికి 2 చుక్కలు పడాలి. ఎవరి చెయ్యీ ఆ చక్రాన్ని అంత సన్నగా తిప్పలేదు. కాస్త వదులైతే అరగంటలో సీసాలో సగం కూన ఒంట్లోకి పోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పసిపిల్లలకు వాడే మైక్రో సెట్‌లో మిల్లీలీటరుకు 60 చుక్కలు, దాంతో నిమిషానికి 6 చుక్కలు. కొలత గొట్టం ఉన్న బురెట్ సెట్ అయితే ఒక గంటకు కావలసినంతే దాంట్లోకి దించి పై క్లిప్పు మూసేయొచ్చు, చెయ్యి జారినా ప్రమాదం లేదు. మెడికల్ షాపుల్లో రెండూ దొరుకుతాయి. క్యాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) 24 లేదా 26 సైజు. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో ముందే లెక్కపెట్టి రాసుకోండి. డ్రిప్ నడుస్తుండగా అది పెరుగుతూ పోతే వెంటనే ఆపి డాక్టర్ని పిలవాలి.

ఎక్కించేది రింగర్ లాక్టేట్ అనే సెలైన్. రక్తంలో చక్కెర చూసి డెక్స్‌ట్రోజ్, పొటాషియం చూసి పొటాషియం కలుపుతారు. పొటాషియం కలిపిన సీసాను వేగంగా వదిలితే గుండె ఆగుతుంది. అందుకని అట్లాంటి సీసా మీద కలిపినది, ఎంతన్నది పెద్ద అక్షరాలతో రాసి అతికించాలి.

చర్మం కింద సెలైన్ పెట్టడం తేలికే, కానీ బాగా నీరసించిన కూనకు అది పనిచేయదు. చర్మానికి రక్తం సరిగా పోవడం లేదు కాబట్టి పెట్టిన నీళ్లు అక్కడే సంచిలా వేలాడతాయి. కాస్త తేరుకున్న కూనకు, ఇంటికి పంపాక, ఇది పనికొస్తుంది. డెక్స్‌ట్రోజ్ కలిపినది మాత్రం చర్మం కింద పెట్టకూడదు. తెల్లకణాలు లేని ఒంట్లో ఆ తీపి నీళ్లున్న చోట చీము పడుతుంది.

నీరు ఎంత తగ్గిందో మెడ మీద చర్మం లాగి చూడటం కూనల్లో నమ్మదగింది కాదు. చిగురు మీద వేలు పెట్టండి. జారకుండా అతుక్కుంటే నీరు తగ్గినట్టు. కళ్లు లోపలికి పోతే బాగా తగ్గినట్టు.

కోనేటి_వెట్
పై పోస్టుకు ఒక చేర్పు. వాంతి ఆపడానికి మారోపిటాంట్ కిలోకు 1 మి.గ్రా., రోజుకొకసారి. సూదిమందు మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 800 గ్రాములకు 0.08 మి.లీ. ఇంత చిన్న మోతాదు ఇన్సులిన్ సిరంజితోనే కొలవగలం. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా వేస్తే మంట తక్కువ. లేబుల్ మీద 16 వారాలు దాటిన పిల్లులకనే ఉంటుంది. అంతకంటే చిన్నవాటికి వాడాలా వద్దా అన్నది కూనను ముందు పెట్టుకుని చూసే డాక్టరు నిర్ణయం, ఇక్కడ చదివి ఇంట్లో వేసుకునేది కాదు. ఒక్కదాంతో వాంతి ఆగకపోతే ఒండాన్‌సెట్రాన్ జోడిస్తారు.

సత్రంవీధి_88
మెడికల్ షాపులో పారాసిటమాల్ చుక్కలు ఇస్తామన్నారు జ్వరానికి. వేయొచ్చా?

కోనేటి_వెట్
వద్దు. పారాసిటమాల్ పిల్లికి విషం, ఎంత తక్కువైనా. మన కాలేయం ఆ మందును విరిచేసే దారి పిల్లి కాలేయంలో సరిగా లేదు. ఎర్ర కణాలు పాడై చిగుర్లు గోధుమ రంగుకు మారతాయి, మొహం ఉబ్బుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి రసాలు కూడా ఎర్ర కణాలనే తింటాయి. విరేచనం కట్టడానికి మనుషుల మాత్రలూ వద్దు.

తిరుచానూరు_తోట
ఇల్లు శుభ్రం సంగతి చెప్పండి. రోజుకు రెండుసార్లు ఫినాయిల్‌తో తుడుస్తున్నారు, డెటాల్ నీళ్లు చల్లుతున్నారు. అది చాలదా?

చంద్రగిరి_ఫోస్టర్
చాలదు, పైగా చెరుపు. ఈ వైరస్‌కు కొవ్వు పొర లేదు. సబ్బు, స్పిరిట్, శానిటైజర్, డెటాల్, ఫినాయిల్ చాలా వైరస్‌ల కొవ్వు పొరను కరిగించి చంపుతాయి, దీనికి కరిగించడానికి పొరే లేదు. మరోవైపు ఫినాల్ జాతి మందులు పిల్లి పాదాలకు అంటి, నాకినప్పుడు లోపలికి పోయి పిల్లికే హాని చేస్తాయి. వైరస్ బతికి, పిల్లి జబ్బుపడుతుంది.

పనిచేసేది క్లోరిన్. మందుల షాపులో దొరికే 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 30 మి.లీ. తీసుకుని నీళ్లు కలిపి ఒక లీటరు చేయండి. బ్లీచింగ్ పౌడరుతో అయితే 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడి లీటరుకు 5 గ్రాములు. గిన్నెలో కలిపి తేర్చి పైనీళ్లు వాడండి, అడుగున మిగిలిన సున్నం పారబోయండి. పాతబడి, గడ్డకట్టి, వాసన తగ్గిన పొడిలో క్లోరిన్ మిగిలి ఉండదు. గొంతు ఘాటు లేని పొడిని నమ్మొద్దు.

వరుస తప్పితే పని చెడుతుంది. మొదట మలం, వాంతి, వెంట్రుకలు అన్నీ ఎత్తేయాలి. తర్వాత డిటర్జెంటుతో రుద్ది కడిగి, నీళ్లతో తుడవాలి. ఆ తర్వాతే క్లోరిన్ నీళ్లు. మలం మీద నేరుగా పోస్తే క్లోరిన్ అంతా ఆ మలంతోనే ఖర్చైపోతుంది, వైరస్ దాకా చేరదు. నేల 10 నిమిషాలు తడిగా ఉండాలి. ఫ్యాన్ వేస్తే మూడు నిమిషాల్లో ఆరిపోతుంది, అందుకని ఫ్యాన్ ఆపి, ఎండుతుంటే మళ్లీ తడపండి. ఆపైన మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. అప్పటిదాకా పిల్లులు వేరే గదిలో ఉండాలి. క్లోరిన్ వాసన కొన్ని పిల్లులకు ఇష్టం, వెళ్లి నాకుతాయి. కలిపిన నీళ్లు ఆ రోజుకే, మర్నాడు కొత్తగా కలపాలి.

బాత్రూము కడిగే యాసిడ్‌తో దీన్ని ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు లేచి ఊపిరి ఆడదు. పిల్లి మూత్రంలో అమ్మోనియా ఉంటుంది. ఇసుక డబ్బాను ముందు నీళ్లతో కడగకుండా క్లోరిన్ పోసినా ఘాటు పొగ వస్తుంది.

మొజాయిక్, టైల్స్, గ్రానైట్ శుభ్రమవుతాయి. మట్టినేల, ఇటుక అరుగు, చెక్కమంచం, నులక, సోఫా లోపలి దూది శుభ్రం కావు. గోనెసంచులు, అట్టపెట్టెలు, గోకుడు చెక్కలు, ప్లాస్టిక్ గీరుకుపోయిన ఇసుక డబ్బా పారేయండి. స్టీలు గిన్నెలు మరిగే నీళ్లలో ఉడకబెట్టొచ్చు. తెల్లబట్టలు క్లోరిన్ నీళ్లలో నానబెట్టొచ్చు. రంగు బట్టలు వేడినీళ్లలో విడిగా రెండుమూడుసార్లు ఉతకాలి.

నగరి_మేడమీద
మే నెల ఎండ చాలదా? మేడ మీద పరుపు రెండు రోజులు ఆరేస్తే నిప్పుల మీద పెట్టినట్టే కదా మన తిరుపతిలో.

చంద్రగిరి_ఫోస్టర్
ఎండ కొంత సాయం, కానీ దాన్ని నమ్ముకోలేం. ఈ వైరస్ 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో అరగంట పెట్టినా తట్టుకుంటుంది. పరుపు పైన ఎండ తగులుతుంది, దూది లోపల తగలదు. ఇంట్లో, నీడలో, మలం మరక కింద ఏడాది పైగా బతుకుతుంది. పరుపు మీద పిల్లి కక్కి ఉంటే ఆ పరుపును టీకాలు పూర్తికాని పిల్లికి మళ్లీ వేయకండి.

తిరుచానూరు_తోట
బయటికే పోని పిల్లికి ఎట్లా వస్తుంది మరి?

చంద్రగిరి_ఫోస్టర్
మన చెప్పులతో, చేతులతో, లుంగీ అంచుతో, ఈగల కాళ్లతో, పిల్లి ఒంటి మీది పురుగులతో. పిల్లి పిల్లిని ముట్టుకోనక్కర్లేదు. వీధిలో జబ్బుపిల్లి మలం తొక్కిన చెప్పు చాలు. చెప్పులు గడప బయట వదిలే అలవాటు మన ఇళ్లలో ఉంది కదా, పిల్లి ఉన్న ఇంట్లో అది మరీ గట్టిగా పాటించండి. జబ్బుకూన దగ్గరికి పోయేటప్పుడు ఆ గదికి వేరే చెప్పులు, వేరే నైటీయో లుంగీయో పెట్టుకోండి. శానిటైజర్ దీన్ని చంపదు. సబ్బూ చంపదు, కానీ పారే నీళ్లలో రుద్దికడిగితే చేతి మీంచి వైరస్‌ను దొర్లించేస్తుంది. ముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లికి పనులు, చివర్లో జబ్బు పిల్లికి. ఈ వరుస మార్చొద్దు.

పుత్తూరు_పిల్లిగూడు
పెద్ద పిల్లికి మూడేళ్లు. రెండేళ్ల కిందట ట్రైక్యాట్ (మూడు జబ్బుల టీకా) వేయించిన కార్డు ఉంది. దానికేం చేయాలి? ఈ వైరస్ మనుషులకు అంటుతుందా?

కోనేటి_వెట్
మనుషులకు అంటదు. పెద్ద పిల్లికి కూనప్పుడు టీకాల వరుస సరిగా పడి, ఆ తర్వాత బూస్టరు కూడా పడి ఉంటే రక్షణ బలంగా ఉంటుంది. పార్వో భాగానికి మూడేళ్లకోసారి వేస్తే సరిపోతుంది. కార్డులో ఒక్క డోసే కనబడితే ఇప్పుడే ఇంకొకటి వేయించండి. బతికున్న వైరస్ టీకా కొద్దిరోజుల్లోనే పనిచేయడం మొదలుపెడుతుంది, కాబట్టి ఇంట్లో జబ్బు వచ్చాక వేసినా ఉపయోగమే. విడిగా ఉంచి, రెండు వారాలు రోజూ ఒంటి వేడి, తిండి చూసుకోండి.

పాలమనేరు_పశువైద్యం
కూనకు టీకా వేసినా ఎందుకు వచ్చిందన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగాల్సింది అదే.

తల్లి మొదటి పాలల్లో తయారైన యాంటీబాడీలు (వైరస్‌ను పట్టి అడ్డుకునే ప్రోటీన్లు) వస్తాయి. అవి కూన రక్తంలో ఉన్నంతకాలం టీకాలోని వైరస్‌ను కూడా అడ్డుకుంటాయి. కొన్ని కూనల్లో 8 వారాలకే అవి తరిగిపోతాయి, కొన్నింటిలో 14, 16 వారాల దాకా నిలుస్తాయి. ఏ కూనకు ఎప్పుడన్నది పైకి తెలియదు. ఇంకో చిక్కేంటంటే, టీకాను ఆపడానికి సరిపోయే యాంటీబాడీలు వీధి వైరస్‌ను ఆపడానికి సరిపోని కొన్ని వారాలు ప్రతి కూనకూ వస్తాయి. మీ కూనకు 8 వారాలకు వేసిన డోసు తల్లి యాంటీబాడీల్లో మునిగిపోయి ఉంటుంది.

అందుకే ఒక డోసు, రెండు డోసులు అని లెక్కపెట్టకండి, వయసు లెక్కపెట్టండి. 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి వేస్తూ, 16 వారాలు నిండాక కనీసం ఒక డోసు పడాలి. 8, 12, 16 వారాలు అని గుర్తుపెట్టుకుంటే తేలిక. ఆ పైన 6 నెలలకు ఒకటి. కార్డు మీద 8, 12 రాసి "అయిపోయింది" అని పంపేస్తే ఆ కూన 12 నుంచి గాలిలో దీపమే.

వేసేటప్పుడు చూడాల్సినవి: పొడి సీసా, నీళ్ల సీసా రెండూ మీ ముందే కలపాలి, కలిపిన అరగంటలో వేయాలి. చిన్నకూన అని సగం డోసు వేయడం తప్పు. టీకాకు బరువుతో పనిలేదు, పూర్తి డోసు వేయాలి. గర్భంతో ఉన్న పిల్లికీ, 4 వారాల లోపు కూనలకూ బతికున్న టీకా వేయకూడదు. దాని కారణం కింద ఎవరైనా తూలే కూనల గురించి అడిగితే చెబుతాను.

బేరివీధి_మొలకలు
అడుగుతున్నా. వీధిలో నాలుగు వారాల కూనలు మూడుంటే, రెండు తలలు ఊపుకుంటా తూలుతూ నడుస్తున్నాయి. మూతి గిన్నె దగ్గరికి పోయేసరికి ఊపు ఎక్కువవుతుంది. మూడోది బాగానే ఉంది. ఇది కూడా ఇదే జబ్బా? సూది వేసి నిద్రపుచ్చేయమంటున్నారు.

పాలమనేరు_పశువైద్యం
వద్దమ్మా, తొందరపడొద్దు. తల్లికి గర్భం చివర్లో పార్వో తగిలినా, పుట్టిన మొదటి వారం పదిరోజుల్లో కూనకు తగిలినా, అప్పుడు వేగంగా పెరుగుతున్న కణాలు చిన్నమెదడులో ఉంటాయి. వైరస్ వాటిని పట్టుకుంటుంది. చిన్నమెదడు ఎదగదు, నడక కుదురు తప్పుతుంది. ఈతలో ఒకటి బాగుండి రెండు తూలడం మామూలే. ముందు చెప్పిన టీకా నిషేధం కూడా ఇందుకే, టీకా వైరస్ కూడా అదే పని చేయగలదు.

ఆ నష్టం అంతటితో ఆగిపోతుంది, పెరగదు, నొప్పి ఉండదు. కూన తూలుతూనే తినడం, ఇసుక డబ్బా వాడటం నేర్చుకుంటుంది. నున్నటి టైల్స్ మీద గోనెపట్టా పరవండి, గిన్నె అంచు బరువుగా, కాస్త ఎత్తులో ఉండాలి, మేడ మెట్లకు అడ్డం కట్టాలి. ఇట్లాంటి పిల్లులు నిండా ఆయుష్షు బతుకుతాయి. అయితే తూలుడు రోజురోజుకు పెరుగుతుంటే, లేదా ఇన్నాళ్లూ బాగా నడిచిన కూన హఠాత్తుగా తూలితే అది వేరే జబ్బు, చూపించాలి.

సత్రంవీధి_88
పక్కింటి కుక్కపిల్లకు పార్వో వచ్చింది. పిల్లికి వస్తుందా?

ల్యాబ్_బెంచ్
రావచ్చు. కుక్కల పార్వో 1978 ప్రాంతంలో ప్రపంచమంతా బయటపడింది, పిల్లి పార్వోకు దగ్గరి వైరస్ నుంచి పుట్టిందే అది. ఇప్పుడు తిరుగుతున్న కుక్క రకాలు పిల్లికీ అంటగలవు. పిల్లి టీకా వాటి నుంచి కూడా చాలావరకు కాపాడుతుంది. మధ్యలో గోడ ఒక్కటే ఉంటే చెప్పుల జాగ్రత్త, టీకా రెండూ ఉండాలి.

పుత్తూరు_పిల్లిగూడు
నాలుగో రోజు. తెల్లకణాలు 4,900. నిన్న మధ్యాహ్నం నుంచి వాంతి లేదు, విరేచనం పలుచగా ఉంది. వేడి 101.8. గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసింది. తిండి ఎట్లా మొదలుపెట్టాలి?

నర్సింగ్_టేబుల్
మంచి మాట. కణాలు ఎక్కుతున్నాయంటే మజ్జ మళ్లీ పని మొదలుపెట్టింది.

ఉప్పు, కారం, పసుపు ఏమీ లేకుండా ఉడికించిన కోడి రొమ్ము మాంసాన్ని ఉడికిన నీళ్లతోనే మిక్సీలో మెత్తగా చేయండి. మొదట పావు టీస్పూను. రెండు గంటలు చూసి కక్కకపోతే మళ్లీ పావు. ఆ సాయంత్రానికి అర టీస్పూను. 800 గ్రాముల కూనకు పడుకుని ఉన్నా రోజుకు దాదాపు 60 క్యాలరీలు కావాలి, అంటే ఉడికిన కోడి మాంసం 35 గ్రాముల చుట్టూ. మొదటి రోజు దాంట్లో మూడో వంతు, రెండో రోజు మూడింట రెండొంతులు, మూడో రోజుకు పూర్తిగా. ఆకలి చూసి ఒక్కసారే గిన్నె నింపితే అరిగిన పేగు తట్టుకోదు, విరేచనం తిరగబెడుతుంది. వారం తర్వాత మెల్లగా కూనల ఆహారంలోకి మార్చండి, కోడి మాంసం ఒక్కటే చాలాకాలం పెడితే కాల్షియం చాలదు. పాలు, పెరుగన్నం వద్దు.

చంద్రగిరి_ఫోస్టర్
కూన బాగైనా ఆరు వారాల దాకా మలంలో వైరస్ వదలగలదు. అప్పటిదాకా వేరే గది, వేరే ఇసుక డబ్బా. ఆ ఇసుకను కుప్పతొట్టిలో వదులుగా పారేయకండి, వీధి పిల్లులు అక్కడికే వస్తాయి. రెండు కవర్లలో మూటకట్టి వేయండి. ఇది చదువుతున్న ఇంకెవరింట్లోనైనా కూన పోయి ఉంటే, దాన్ని కూడా కవరులో చుట్టి మూడడుగుల లోతున పూడ్చండి. ఆ ఇంటికి ఏడాది దాకా టీకాలు పూర్తికాని కూనను తేవద్దు. తేవాలనే ఉంటే 16 వారాలు దాటి, చివరి డోసు పడి రెండు వారాలైన పిల్లినే తెచ్చుకోండి. ఇల్లు ఖాళీగా ఉందని వారానికే ఇంకో కూనను తెచ్చి, దాన్నీ పోగొట్టుకునే ఇళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బేరివీధి_మొలకలు
వీధి పిల్లులకు మూడేసి డోసులు ఎవరు వేస్తారు? పట్టుకోవడమే ఒకసారి కుదురుతుంది.

పాలమనేరు_పశువైద్యం
ఆ ఒక్కసారే వేయండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు పట్టిన రోజే, మత్తులో ఉండగానే టీకా వేస్తే పనిచేస్తుంది. 16 వారాలు దాటిన పిల్లికి పార్వో భాగానికి ఒక్క బతికున్న డోసే చాలావరకు రక్షణ ఇస్తుంది. పదిలో ఏడెనిమిది పెద్ద పిల్లులకు పడినా వీధిలో వైరస్ తిరుగుడు తగ్గుతుంది. రేబీస్ టీకా కూడా అప్పుడే, వేరే చోట వేయించండి.

నగరి_మేడమీద
చిత్తూరు నుంచి గానీ తిరుపతి నుంచి గానీ టీకా మన ఊరికి తెచ్చుకుంటే దారిలో పాడవుతుందా? ఇంట్లో కరెంటు పోతే?

పాలమనేరు_పశువైద్యం
2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మోకోల్ పెట్టెలో ఐసు ప్యాకులు పెట్టి, టీకాకూ ఐసుకూ మధ్యలో మందపాటి గుడ్డో అట్టముక్కో అడ్డం పెట్టండి. నేరుగా ఐసుకు తగిలితే నీళ్ల సీసా గడ్డకట్టి పగలొచ్చు. పొడి సీసా వేడెక్కితే అందులో వైరస్ చచ్చిపోతుంది, పైకి మాత్రం ఏ తేడా కనబడదు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకండి, తెరిచినప్పుడల్లా వేడెక్కేది అదే. మధ్య అరలో వెనకగా, చిన్న థర్మామీటరుతో పాటు పెట్టండి. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచి, వచ్చాక థర్మామీటరు చూసి 8 దాటి ఎంతసేపైందో తెలియకపోతే ఆ సీసా వాడకండి. నిజానికి ఇంటికి తెచ్చి దాచేకంటే, కూననే టీకా ఉన్న క్లినిక్‌కి తీసుకుపోవడం తేలిక. పెట్టెలో గుడ్డ కప్పి, వేరే పిల్లుల పక్కన దించకుండా.

పుత్తూరు_పిల్లిగూడు
సరే సార్. 16 వారాల తేదీ క్యాలెండరు మీద రాసి పెట్టినాం. జబ్బు నుంచి తేరుకున్న కూనకు కూడా ఆ డోసు వేయించాలా?

పాలమనేరు_పశువైద్యం
పార్వో కోసమైతే అక్కర్లేదు, తేరుకున్న కూనకు దాని మీద గట్టి రక్షణ వచ్చేసింది, చాలా ఏళ్లు ఉంటుంది. కానీ అదే సీసాలో జలుబు వైరస్‌లు రెండింటికి కూడా టీకా ఉంది, వాటికోసం వేయించండి. కూన పూర్తిగా తిని, బరువు మళ్లీ ఎక్కి, సీబీసీ మామూలుకు వచ్చాకే. అప్పటికి 16 వారాలు దాటినా పరవాలేదు.